ఎస్టిమేటులో లేని గది

దస్తావేజుల బ్రహ్మానందం ఆ రోజు పొద్దున్నే వసారాలో పీట వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, పాడైన ముసాయిదా కాగితం వెనకవైపు ఇంటి మరమ్మతుకి ఎస్టిమేటు రాస్తున్నాడు. గురజాల రిజిస్ట్రారు ఆఫీసు ముందు కూర్చుని పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకీ పొలాలకీ నాలుగు దిక్కులా హద్దులు రాసిన చెయ్యి అది. సొంత ఇంటి దగ్గరికొచ్చేసరికి మూడు రోజులుగా మూడు దిక్కులే రాస్తోంది.

"సున్నం ముప్పై రూపాయలంటనే!" అని వంటింట్లోకి వినపడేట్టు అరిచాడు. ఆయన మామూలుగా మాట్లాడితేనే పక్క వీధిలో వాళ్ళు పలుకుతారు. "సున్నం లెక్కేసుకుంటా పోతే ఆఖరికి మనకి మిగిలేది సున్నే!"

"సున్నం సంగతి తర్వాత. దూలం సంగతి చూడండి," అంది లోపల మజ్జిగ చిలుకుతున్న బసవమ్మ. "నిన్న మళ్ళీ పైనించి మట్టి రాలి పప్పులో పడింది."

"దూలం డెబ్బయ్యంట. ధర వినంగానే నా దూల తీరిపోయింది."

"మీ నోటి దూల ఎప్పుడు తీరుద్దో ఆ భగవంతుడికే తెలియాలి."

బ్రహ్మానందం సంతోషంగా గడ్డం నిమురుకున్నాడు. యుద్ధం అయిపోయి ఏడాది కావస్తున్నా సిమెంటుకీ ఇనుముకీ ఇంకా పర్మిట్టు కావాలి. ఆ ముక్క ఎవరెత్తినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "అది కంట్రోలు కాదయ్యా, కంట్లో రోలు! పర్మిట్టు కోసం నేనెక్కని మెట్టు లేదు!" అందుకే సిమెంటు మాట మానేసి పాత పద్ధతిలో, టేకు దూలమూ నాపరాళ్ళూ వేసి, కుంగిపోతున్న మట్టి మిద్దెని బాగుచేయించాలని తీర్మానించుకున్నాడు. ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోంది. రాలే మట్టి కింద ఉయ్యాల కట్టలేరు కదా.

ఆ బిడ్డని మోస్తున్న కృష్ణకుమారి మెల్లిగా నడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. ఏడో నెల. శుక్రవారం వినుకొండకి, పురిటికి ప్రయాణం. ఆమె బ్రహ్మానందానికి కోడలు మాత్రమే కాదు, స్వయానా చెల్లెలి కూతురు. మేనమామ కాబట్టి మామగారి ముందు నోరు విప్పటానికి ఆ పిల్లకి మొహమాటం లేదు.

"ఇటివ్వండి మామయ్యా, నేను చదువుతా," అని కాగితం అందుకుని గట్టిగా చదివింది. "నడిమింటికి టేకు దూలం ఒకటి, డెబ్బై. వాసాలు నలభై, ఎనభై రూపాయలు. నాపరాళ్ళు మూడు బళ్ళు, నలభై అయిదు. సున్నం ముప్పై. మేస్త్రీ పాతిక రోజులు, అరవై రెండున్నర. కూలీలు నలభై. వెరసి మూడు వందల ఇరవై ఏడు రూపాయల ఎనిమిదణాలు."

"వాసాలు లేందే నివాసం లేదమ్మాయ్, అందుకని వాటికి బేరమాడలా. చేతిలో మూడొందల యాభై ఉంది. మిగిలిన ఇరవై రెండున్నరా ఎందుకంటావా? మేస్త్రీ అన్నాక మేస్తాడు గదా, ఆ మేతకి!"

కృష్ణకుమారి నవ్వలేదు. కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇందులో ఓ గది తప్పిపోయింది మామయ్యా."

లోపల కవ్వం చప్పుడు ఆగింది.

"ఏ గది?" అన్నాడు బ్రహ్మానందం.

"మనకెన్ని పడమటి గదులున్నాయేంది?"

బ్రహ్మానందం కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పడమటి గది ఆయన తల్లి పిచ్చమ్మది. తుంటి విరిగి మంచాన పడి నాలుగేళ్ళు ఆ గదిలోనే ఉండి, పదేళ్ళ కిందట ఇలాగే ఓ జ్యేష్ఠ మాసపు ఎండలో పోయింది. పోయింది ధనిష్ఠా నక్షత్రంలో అని పురోహితుడు తేల్చాడు. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఆ గదిని ఆరు నెలలు పాడు పెట్టటం ఆచారం. గడపకి ముళ్ళకంప అడ్డంగా వేసి, తాళం పెట్టి, గడువు తీరాక శాంతి చేయించి తలుపు తీస్తారు. ఆరో నెలలో పురోహితుడు మంచిరోజు చూసుకునొచ్చాడు. బ్రహ్మానందం "వచ్చే నెల" అన్నాడు. ఆ వచ్చే నెల పదేళ్ళయినా రాలేదు. తలుపు మూయించగలిగాడు గానీ, తలపుని మూసే తాళం ఏ కమ్మరి దగ్గరా దొరకలేదు.

మరుసటి ఏడు జ్యేష్ఠంలో మూలుగు మొదలైంది.

ముందు అది గాలి అనుకున్నారు. తర్వాత ఎవరూ అలా అనుకోవటానికి ధైర్యం చేయలేదు. సన్నగా మొదలై, గొంతు పెగుల్చుకున్నట్టు పెరిగి, ఎవరో కసిరినట్టు టక్కున ఆగిపోయేది. కాసేపాగి మళ్ళీ. అచ్చం పక్క మార్చమని పిలిచే ముసలమ్మ గొంతు. ఏటా ఆమె పోయిన నెలలో వచ్చేది, శ్రావణం దాకా ఉండేది. గేదెల మేతకని కార్తీకంలో వెనక గోడనానించి వేసిన చొప్పవామి ఆ రోజులకి అడుగంటి పోయేది. ఆ మిగిలిన నాలుగు కట్టలు దూసుకురావటానికి వెళ్ళినవాళ్ళు కూడా గోడ వైపు తల తిప్పకుండా వచ్చేసేవాళ్ళు.

ఎండెక్కేసరికి నాగూర్ వలి మేస్త్రీ కొలబద్దా దారమూ పట్టుకుని వచ్చాడు. అదే వీధివాడు. వరస కలుపుకుని బ్రహ్మానందాన్ని మామా అనీ, బసవమ్మని అత్తా అనీ పిలుస్తాడు. ఇంటి చుట్టూ తిరిగి కొలిచాడు, లోపల కొలిచాడు, వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, మళ్ళీ బయటికెళ్ళి కొలిచాడు.

"మామా, బయట నలభై రెండడుగులొచ్చింది. లోపల ముప్పై ఒకటే వస్తంది. పదకొండడుగులు ఎవురు మింగారు?"

"నీ దారం సాగింది లేరా," అన్నాడు బ్రహ్మానందం.

"నా దారం సాగలా. మీరు సాగదీస్తన్నారు. ఆ గది కొలవకుండా ఎస్టిమేటు ఎట్టా చెప్పమంటారు?" నాగూర్ వలి నడిమింట్లో నిలబడి కొలబద్దతో పైకి చూపించాడు. "చూడండి. చెద పట్టింది దూలం పడమటి కొసకే. ఆ కొస కూర్చున్నది ఆ గది గోడలో. పాతది దించాలన్నా కొత్తది ఎక్కించాలన్నా ఆ గదిలో ఇద్దరు నిలబడి పోటు పెట్టాల్సిందే."

"అది గాకుండా ఇంకో దారి చెప్పు."

"ఉంది. నడిమింట్లోనే ఇంకో గోడ లేపి దాని మీద దూలం కూర్చోబెట్టాల. పునాదితో సహా నూట నలభై అవుద్ది. ఇల్లు నాలుగడుగులు చిన్నదవుద్ది."

"రాసుకో," అన్నాడు బ్రహ్మానందం.

"ఒక గోడ చూడకుండా ఉండటానికి నూట నలభై రూపాయలు పెట్టి ఇంకో గోడా!" అంది కృష్ణకుమారి.

బడి సెలవులని ఇంట్లోనే ఉన్న కొడుకు త్రికోటేశ్వరరావు చదువుతున్న పేపరు పక్కన పెట్టి లేచాడు. ఎలిమెంటరీ స్కూలు పంతులు. తండ్రి గొంతులో పదో వంతు కూడా లేదు. "నూట నలభై ఎక్కణ్ణించి తెస్తావు నాన్నా?"

"ఒక గేదెనమ్ముతా."

"పసిబిడ్డొచ్చే ఇంట్లో పాడిగేదెనమ్ముతారా?" బసవమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఆ గోడేమో గానీ, నా గోడు ఎవరికి చెప్పుకోను?"

ఇంకో రోజయితే భార్య నోట అలాంటి మాట వచ్చినందుకు బ్రహ్మానందం వీధంతా వినేట్టు మెచ్చుకునేవాడు. ఇవాళ వినిపించుకున్నట్టు కూడా లేడు. పడమటి గది తలుపు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పదేళ్ళుగా ఆ ఇంట్లో ఎక్కడ నిలబడ్డా ఆయన వీపు అటువైపే ఉంటుంది.

"మామయ్యా, ఒక్కమాట చెప్తా వినండి," అంది కృష్ణకుమారి. "శుక్రవారం నేను వినుకొండ పోతున్నా. బిడ్డ పుట్టాక, ఇంట్లో ఓ గది మూలుగుతా ఉంటే దాని పక్కన ఉయ్యాల కట్టను. గది తీస్తే వస్తా. లేదంటే మూడో నెల కాదు, మూడో ఏడు కూడా రాను. అక్కడే ఉంటాం."

"ఉంటాం అంటే?" బ్రహ్మానందం కొడుకు వైపు చూశాడు.

త్రికోటేశ్వరరావు తలొంచుకున్నాడు. "వినుకొండ బడికి మార్చమని అర్జీ రాశా నాన్నా. ఇంకా పంపలేదు. జేబులోనే ఉంది."

అప్పుడు వచ్చింది ఆ మూలుగు.

పట్టపగలు, అందరూ నిలబడి ఉండగా, మూసిన తలుపు వెనక సన్నగా మొదలైంది. గొంతు పెగిలింది. పెరిగింది. నాగూర్ వలి చేతిలో కొలబద్ద గోడకి చేరేసి రెండడుగులు వెనక్కి వేశాడు. బసవమ్మ కళ్ళు మూసుకుంది. మూలుగు టక్కున ఆగింది.

అందరికన్నా ముందు నోరు విప్పింది కృష్ణకుమారే. భయం కన్నా కోపం ఎక్కువగా ఉంది.

"అది అమ్మమ్మ ఏడుపే అనుకుందాం. పదేళ్ళబట్టి ఏడుస్తా ఉంటే, తలుపు తీసి ఏందమ్మా అని అడిగినోళ్ళు ఒక్కళ్ళు లేరా ఈ ఇంట్లో? నేను చిన్నప్పుడు సెలవులకొస్తే ఆ మంచం మీదే పడుకునేదాన్ని. అమ్మమ్మ గదిని దెయ్యం గదిని చేశారు మీరు." ఊపిరి తీసుకుంది. "రేపు పురోహితుల్ని పిలిపిద్దాం. శాంతి చేయించి తీద్దాం. ఆయనకి కావాల్సింది ఒకటే, అమ్మమ్మ ఏ వేళకి పోయిందో కర్త నోటితో చెప్పాలి. అంతే గదా. చెప్పటానికేం?"

చెప్పటానికేం!

బ్రహ్మానందం భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది. పదేళ్ళలో ఆ రోజు గురించి ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఆయన లోపలికి వెళ్ళి, రేకుపెట్టె తెరిచి, దారం కట్టిన నాలుగు కాగితాలు తీసుకొచ్చి కోడలి చేతిలో పెట్టాడు.

"గట్టిగా చదవద్దు. నీలో నువ్వు చదువుకో."

పాత ఎస్టిమేటులు. ఏడాదికొకటి. ఒకటి పశువుల కొట్టానికి, ఒకటి వసారాకి, ఒకటి బావి గట్టుకి, ఒకటి ప్రహరీకి. నాలుగింట్లోనూ అడుగున ఒకే పద్దు ఉంది: పడమటి గదికి కిటికీ ఒకటి, చట్రంతో సహా, ఎనిమిది రూపాయలు. నాలుగు చోట్లా దాని మీద అడ్డంగా గీత.

"గదిలో గాలాడటం లేదురా, ఓ కిటికీ పెట్టించరా అనేది మా అమ్మ," అన్నాడు బ్రహ్మానందం. ఆ గొంతు ఆయనదిలా లేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు కూడా ముందుకి వంగి వినాల్సొచ్చింది. "మిద్దె మీద గాలికీ వెలుతురికీ గవాచీ ఉండేది. వానకి కారుతుందని నేనే పూడ్పించా. ఏటా పద్దు రాసేవాణ్ణి. ఏటా ఖర్చు ఎక్కువైందని కొట్టేసేవాణ్ణి. కిటికీలో ఏం కిటుకుందే అమ్మా, దొంగలు రావటానికి తప్ప, అని నవ్వించేవాణ్ణి. నవ్వేది. నవ్వి మళ్ళీ అడిగేది.

"ఆ రోజు పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే పిలవలా. రోజూ పిలిచేది. హమ్మయ్య, ఇవాళ కిటికీ గొడవ లేదు అనుకుని గబగబా వెళ్ళిపోయా. మూడింటికి తిరిగొచ్చి గదిలోకెళ్ళా. చల్లబడి ఉంది. చేతులు బిగుసుకుపోయినై. పొద్దునెప్పుడో పోయింది. ఇంటినిండా మనుషులుండి, పొద్దుటి నించి మూడింటి దాకా చూసిన నాథుడు లేడు."



"వీధిలో జనం పోగయ్యారు. పురోహితుడొచ్చి ఎప్పుడు పోయిందని అడిగాడు. తెలియదు అని ఎట్టా చెప్పను? ఇప్పుడేనండి, నా చేత్తో తులసినీళ్ళు పోస్తుంటే పోయింది అన్నా. ఆయన పంచాంగం తిప్పి చూశాడు. మధ్యాహ్నం పన్నెండు దాకా శ్రవణమే, ఏ దోషమూ లేదు, అయ్యో, పన్నెండు దాటాక ధనిష్ఠ వచ్చిందే, ఆరు నెలలు పాడు పెట్టాలి, అన్నాడు. నాకు తెలుసు ఆమె శ్రవణంలో పోయిందని. ఒక్క మాటంటే సరిపోయేది. అనలేకపోయా. నా పరువు కోసం మా అమ్మకి దోషం అంటగట్టా." తలుపు వైపు తిరగకుండానే చెయ్యెత్తి చూపించాడు. "ఆ గదిలో నిలబడి, పోయిన వేళ మళ్ళీ చెప్పాలి. అక్కడ నిలబడి ఇంకోసారి అబద్ధం ఎట్టా చెప్పేది?"

బసవమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది.

"మీరొక్కరే మోస్తున్నారనుకుంటన్నారా?" అంది. "పొద్దున జావ గిన్నె పట్టుకుని నేను పోయా. గోడ వైపు తిరిగి పడుకునుంది. పిలిస్తే లేస్తది, లేస్తే పక్క మార్చమంటది, కిటికీ కిటికీ అంటది, నాకు అవతల పనుంది... గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేశా. అప్పటికి ఉందో, పోయిందో! ఇన్నేళ్ళూ మీరు ఏదో ఒకరోజు అడుగుతారు, అడుగుతారు అని చూశా. మీరు అడగనప్పుడల్లా ఆ గది మూలిగేది."

కృష్ణకుమారి కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు.

"కొడుకు చేతి నీళ్ళు తాగి పోయిందని మా అమ్మకి కబురు పెట్టారు. మా అమ్మ ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుని ఓదార్చుకుంటది. ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పను మామయ్యా?"

"నువ్వు చెప్పొద్దు. శుక్రవారం నీతో నేను రైలెక్కుతా. మా చెల్లెలికి నేనే చెప్తా. కొడితే కొట్టించుకుంటా." అని, ఆయన పదేళ్ళలో మొదటిసారి వెనక్కి తిరిగి ఆ తలుపుని చూశాడు. "పురోహితుడు అక్కర్లేదు. దోషం ఆ గదికి లేదు. ఒరేయ్ నాగూరూ, ఆ తాళం పగలగొట్టు."

ముళ్ళకంపని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఎండి ఇనుప తీగల్లా బిగిసిన కంపని తన చేతులతోనే లాగాడు. వేళ్ళ నించి నెత్తురు కారుతుంటే బసవమ్మ లేచి వచ్చి రెండో వైపు పట్టుకుంది. నాగూర్ వలి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. తలుపు తోశారు.

లోపలి నించి రివ్వున గాలి వచ్చి అందరి మొహాలకీ కొట్టింది. మూసిన గదిలో అంత గాలి ఎక్కడిది? దుమ్ము తగ్గాక చూశారు. తాళ్ళు చీకిపోయిన మంచం, గడప పక్కన బోర్లా పడ్డ జావ గిన్నె, మూలన సాలెగూళ్ళు. ఆ చీకట్లో మంచం పక్కన గోడలో, నేలకి మూరన్నర ఎత్తున, గుప్పెడంత వెలుతురు.

నాగూర్ వలి మోకాళ్ళ మీద కూర్చుని అందులో వేలు పెట్టి తడిమాడు. పదేళ్ళుగా ఊరంతా ఇళ్ళు కట్టినవాడు, రాయిని చూస్తే ఎవరి చెయ్యి పడిందో చెప్పగలడు.

"యా అల్లా," అన్నాడు నెమ్మదిగా. "ఇది ఎలకల పని గాదు మామా. రాళ్ళ మధ్య మట్టి గీకి, చిన్న రాయి ఒకటి ఊడబీకారు. గీతలన్నీ పైనించి కిందికే ఉన్నై. పడుకుని గీకిన చెయ్యి ఇది. ఎన్ని నెలలు పట్టిందో ఏమో." మంచం కిందికి వంగి, అరిగి సగమైన ఇత్తడి గరిట ఒకటీ, ఎలకలు కొట్టిన పాత గుడ్డముక్క ఒకటీ తీశాడు. "ఎవురన్నా వత్తే కనపడకుండా ఈ గుడ్డ కుక్కేది గావాల. అది ఊడిపోయాక, వామి తగ్గినప్పుడల్లా పడమటి గాలి ఇందులో దూరి ఈలేసింది. ఇదే మీ మూలుగు."

తలుపు తీసి ఉంది. గాలి ఒక వైపు నించి వచ్చి ఇంకో వైపు పోతోంది. ఇప్పుడు చప్పుడేమీ లేదు.

బ్రహ్మానందం ఆ గరిటని చూశాడు. నాలుగు ఎస్టిమేటులు రాసి నాలుగూ కొట్టేసిన పనిని, తుంటి విరిగిన ముసలమ్మ ఒక గరిటతో, కొడుకు తిడతాడేమోనని దొంగచాటుగా, అణా ఖర్చు లేకుండా చేసుకుంది.

"గోడ వైపు తిరిగి పడుకునుంది అన్నాను గదా," అని గొణిగింది బసవమ్మ.

ఆయన నేల మీద కూర్చుని, తల మంచం పట్టెకి ఆనించి, రంధ్రానికి కన్ను పెట్టాడు. ఆకాశం కనపడుతుందనుకున్నాడు. గాలి కోసమే కదా అడిగింది. ఆకాశం కనపడలేదు. కొండరాళ్ళ మధ్య నించి వంపు తిరుగుతూ పోయే బాట కనపడింది. రిజిస్ట్రారు ఆఫీసుకి ఆయన రోజూ పోయే బాట, సాయంత్రం తిరిగొచ్చే బాట. వంపు దాకా మనిషి మొత్తం కనపడతాడు. తలపాగా దగ్గర నించి చెప్పుల దాకా.

ఆ రోజు పొద్దున తనని ఎందుకు పిలవలేదో ఆయనకి అర్థమైంది. పిలవాల్సిన పని లేకపోయింది. ఇక్కణ్ణించి చూస్తోంది. వంపు తిరిగే దాకా చూసి ఉంటుంది. హమ్మయ్య అనుకుంటూ గబగబా నడిచిపోయే కొడుకు, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఊరంతా వినేట్టు మాట్లాడే మనిషి అప్పుడు ఏడ్చిన ఏడుపు ఆ గదిలోని నలుగురికి తప్ప ఎవరికీ వినపడలేదు. బసవమ్మ పక్కన కూర్చుని ఆయన తలని తన భుజానికి చేర్చుకుంది. త్రికోటేశ్వరరావు జేబులోంచి అర్జీ తీసి నాలుగు మడతలు పెట్టి చింపేశాడు. కృష్ణకుమారి చూసింది గానీ వద్దనలేదు.

చాలాసేపటికి నాగూర్ వలి గొంతు సవరించుకున్నాడు. "మామా, ఈ బొక్క పూడ్చేసి, పైన మనిషెత్తున మంచి కిటికీ పెట్టనా? గాలి బాగా వత్తది."

"పూడ్చొద్దు." బ్రహ్మానందం కళ్ళు తుడుచుకుని జేబులో కాగితం తీశాడు. కలం కోసం తడుముకుంటే కోడలు తెచ్చిచ్చింది. దూలానికి పైన, వాసాలకి పైన, అన్నిటికన్నా మొదటి పద్దుగా రాశాడు. "దాని చుట్టూనే చట్రం పెట్టు. ఎత్తు పెంచొద్దు. మంచం మీద పడుకున్నోళ్ళకి బాట కనపడాలి."

"అంత కిందికి కిటికీ ఎవురూ పెట్టరు మామా. చూసినోళ్ళు నవ్వుతారు."

"నవ్వనీరా. ఇన్నాళ్ళు నేనే నవ్వించా."

"ఎంత రాయమంటారు?"

ఆయన కలం ఖర్చు వరస దగ్గర కాసేపు ఆగింది. ఏమీ రాయకుండానే పక్కకి జరిగింది.

"ఉయ్యాల ఈ గదిలోనే కడతావా అమ్మాయ్?" అని అడిగాడు, కాగితం వైపే చూస్తూ.

కృష్ణకుమారి మంచం దగ్గరికొచ్చి, ఒక చేత్తో నడుం పట్టుకుని కష్టంగా కూర్చుని, ఆ గుప్పెడు వెలుతురు లోంచి బయటికి చూసింది.

"మా అమ్మ ఏమంటదో ముందు విననీండి," అంది. "ఆ తర్వాత కడతా. ఇక్కడే."

మర్నాడు పొద్దున బ్రహ్మానందం కలాలూ కాగితాలూ చంకన పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరాడు. వాకిట్లో కూలీలు నాపరాళ్ళు దించుతున్నారు. బసవమ్మా, కృష్ణకుమారీ వాళ్ళకి మజ్జిగ పోస్తున్నారు. పడమటి గదిలో ఎవరూ లేరని ఆయనకి తెలుసు.

వంపు దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. పడమటి రాతిగోడలో, అడుగున, చిన్న నల్లటి చుక్క.

దానికేసి చెయ్యెత్తి ఊపాడు. "సాయంత్రం పెందలాడే వస్తానే అమ్మా," అన్నాడు, ఎప్పటి గొంతుతోనే, ఊరంతా వినేట్టు.